సాన బండికి కరెంటు: ఇన్వర్టర్ పెద్దదైతే చాలదు

మొన్న రేపల్లె వైపు నుంచి ఓ కుర్రాడు ఫోన్ చేశాడు. మేనమామ కొట్లో కత్తులకు సాన పడుతున్నాడట, ఇక సొంతంగా మోపెడ్ మీద తిరుగుదామని ఆశ. "అన్నా, షాపులో రెండు కేవీఏ ఇన్వర్టర్ తీసుకోమన్నారు. అమ్మ గొలుసు తాకట్టు పెడుతున్నాం. అది ఉంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాయి తిరుగుద్ది కదా?" గొలుసు మాట వినగానే గ్రైండర్ ఆపేసి పక్కకొచ్చాను.

తిరగదు తమ్ముడూ. ఇన్వర్టర్‌లో కరెంటు నిల్వ ఉండదు. ఎంత మోటారును లాగగలదన్నదే దాని మీద రాసి ఉండే వీఏ (వెయ్యి వీఏ అయితే ఒక కేవీఏ). ఎంతసేపు లాగుతుందన్నది బ్యాటరీ చేతిలో ఉంటుంది. కుళాయి పెద్దది పెడితే ట్యాంకులో నీళ్ళు పెరుగుతాయా? పైగా రెండు కేవీఏవి ఎక్కువగా 24 వోల్టులవి, రెండు బ్యాటరీలు అడుగుతాయి. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) ట్యూబులర్ రకం లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కొక్కటి దాదాపు అరవై కిలోలు. రెండూ ఎక్కించాక ఇక మోపెడ్ మీద నువ్వెక్కడ కూర్చుంటావు?

లెక్క ఇలా వేసుకోండి. 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే కాగితం మీద 1,800 వాట్-అవర్లు (ఒక వాట్ గంటసేపు వాడితే ఒక వాట్-అవర్). లెడ్ యాసిడ్ బ్యాటరీ సగానికి మించి దించితే త్వరగా చస్తుంది. కాబట్టి మనకు దక్కేది 900. ఇన్వర్టర్ తినేది పోను 750 అనుకోండి. 250 వాట్ల ఆరంగుళాల గ్రైండర్ మూడు గంటలు తిరుగుతుంది. బ్యాటరీ మీద రాసిన ఏహెచ్ నెమ్మదిగా, ఇరవై గంటల పాటు వాడితే వచ్చేది. మనం పాతిక ఆంపియర్లు లాగుతాం, కాబట్టి ఇంకాస్త తగ్గించుకోండి.

మూడు గంటలేనా అని టెన్షన్ పడకండి. కత్తికి మూడు నిమిషాల చొప్పున వేసుకున్నా అరవై కత్తులు. రోజంతా సందుల్లో తిరుగుతాం గానీ రాయి తిరిగేది ఎంతసేపని? బేరమాడేటప్పుడు స్విచ్ ఆపేస్తే చాలు.

షాపువాళ్ళు పెద్దది అంటగట్టడానికి చెప్పే ఒక సాకు మాత్రం నిజమే. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ కుయ్యోమంటుంది. నాది 1100 వీఏ, సైన్ వేవ్, అంటే ఇంటి కరెంటులాగే నునుపైన అల ఇచ్చేది. ఇన్నాళ్ళూ సరిపోతోంది. కరెంటు అల చదరంగా వచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మోటారు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది, వద్దు.

కారు బ్యాటరీ సంగతి నా సొంత కథే. మొదట్లో పాతదొకటి చౌకగా దొరికితే పెట్టేశాను. సంక్రాంతి ముందు తెనాలిలో టైలర్లు కత్తెరల మూట నా ముందు పోశారు. మధ్యాహ్నానికే రాయి నీరసించింది. మిగిలినవి నేల మీద కూర్చుని రాయి మీద చేత్తో నూరాను. ఒక పెద్దాయన మాత్రం "చేత్తో నూరిందే బాగుందయ్యా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేను, అది వేరే సంగతి. కారు బ్యాటరీ ఇంజన్ స్టార్ట్ చేయడానికి కొన్ని సెకన్లు గట్టిగా తన్నేది. పలచని ప్లేట్లు, రోజూ ఖాళీ చేస్తే నెలల్లో పోతుంది.

మిగతావి గబగబా చెప్తాను. బ్యాటరీ కరెంటుకు పదును రాదంటారు. పుకారు, అంతే. రాయి అంతే వేగంగా తిరుగుతుంది. అంచు నీలంగా మారిందంటే వేడెక్కించింది మీరే, నీళ్ళలో ముంచడం మర్చిపోయారు. సోలార్‌తో నేరుగా నడపొచ్చంటారు. వంద వాట్ల ప్యానెల్ మంచి ఎండ రోజున నాలుగు వందల వాట్-అవర్లు ఇస్తే గొప్ప. అది బ్యాటరీ నింపుకోవడానికే. లిథియం వంద ఏహెచ్‌ది పన్నెండు, పదమూడు కిలోలే, ఎనభై శాతం దాకా వాడుకోవచ్చు. ధర ఎక్కువ, దానికి తగిన ఛార్జర్ కావాలి.

ఒక్క మాట మాత్రం ఆగి వినండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది. మన రాయి నుంచి నిప్పురవ్వలు వస్తాయి. ప్యానెల్ తగిలించుకుని పని చేసేవాళ్ళు బ్యాటరీని రవ్వలు పడని వైపు, గాలి ఆడే పెట్టెలో పెట్టండి.

ఆ కుర్రాణ్ణి కొట్లోనే ఓ నాలుగు రోజులు, రాయి తిరిగిన నిమిషాలు చీటీ మీద రాయమన్నాను. నిన్న మళ్ళీ ఫోన్. "రోజుకు గంటా ఇరవై నిమిషాలు దాటట్లేదన్నా." 250 వాట్ల మీద అది 330 పైచిలుకు వాట్-అవర్లు, వంద ఏహెచ్ బ్యాటరీ ఒక్కటి చాలు. గొలుసు ఇంకా ఇంట్లోనే ఉందట.