చదువుకోడానికి వచ్చిన పిల్లలు: జేవియర్ బడి వెనక అరవై ఏళ్ల కథ

2024లో 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' తెలుగులో కూడా డబ్ అయి వచ్చింది. అది చూసిన చాలామందికి ఎక్స్‌మెన్ అంటే వుల్వరిన్ పిడికిళ్లలోంచి దూసుకొచ్చే గోళ్లు, పసుపు డ్రెస్సు, రెండు గంటల కొట్లాట. కామిక్స్‌లో మాత్రం ఎక్స్‌మెన్ మొదలైంది ఒక బడిగా. న్యూయార్క్ రాష్ట్రం వెస్ట్‌చెస్టర్ కౌంటీలో, 1407 గ్రేమాల్కిన్ లేన్ అనే కల్పిత చిరునామాలో, ప్రొఫెసర్ చార్లెస్ జేవియర్ తన సొంత బంగళాలో నడిపే రెసిడెన్షియల్ స్కూల్ అది. పుట్టుకతోనే వింత శక్తులున్న పిల్లలు, అంటే మ్యూటెంట్లు, అక్కడ చదువుకుంటారు, ఆ శక్తుల్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంటారు. కాగితం మీద ఉన్న మాట ఇది.

ఫాక్స్ స్టూడియో 2019లో డిస్నీ చేతికి వచ్చింది కాబట్టి ఇక ఎక్స్‌మెన్ సినిమాలు మార్వెల్ చేతిలోనే ఉన్నాయి. ఆ సినిమాల్లో బడి ఎలా ఉండబోతుందన్న కుతూహలం వెనక, పాత పాఠకుల్లో ఎప్పట్నుంచో తెగని పంచాయితీ ఒకటుంది. అది నిజంగా బడేనా, లేక పిల్లలతో నడిపే సైనిక శిబిరమా? ఇది పాఠకులు బయట కూర్చుని వేసిన ప్రశ్న కాదు. ఆ కథలు రాసినవాళ్లే ఒకరి తర్వాత ఒకరు దీన్ని మళ్లీ మళ్లీ తవ్వారు.

ఆరంభం పెద్ద ఆశయంతో ఏమీ జరగలేదు. 1963 నాటికి రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు జాక్ కర్బీ వరసపెట్టి సూపర్‌హీరోలను పుట్టిస్తున్నారు. ఒకణ్ని సాలీడు కుట్టింది, ఇంకొకడి మీద గామా కిరణాలు పడ్డాయి. అందరికీ కొత్త ప్రమాదాలు ఎక్కణ్నుంచి తేవాలి? పుట్టుకతోనే శక్తులొచ్చాయని చెప్పేస్తే ఆ గోలే ఉండదని తోచిందని లీ తర్వాత చాలాసార్లు చెప్పాడు. జేవియర్ అంటే మార్టిన్ లూథర్ కింగ్, అతని శత్రువు మాగ్నెటో అంటే మాల్కం ఎక్స్ అని ఇప్పుడు అందరూ చెప్పే పోలికకి ఆ తొలి సంచికల్లో పెద్దగా ఆధారం దొరకదు. అక్కడి మాగ్నెటో ప్రపంచాన్ని ఏలాలనుకునే మామూలు విలన్. ఆ లోతంతా తర్వాతి రచయితలు తెచ్చిపెట్టింది.

మొదటి బ్యాచ్‌లో ఐదుగురే. కళ్లలోంచి కిరణాలొచ్చే స్కాట్ సమ్మర్స్, రెక్కలున్న వారెన్ వర్దింగ్టన్, కోతిలా గెంతే హ్యాంక్ మెకాయ్, మంచుగా మారే బాబీ డ్రేక్, చెయ్యి వెయ్యకుండా వస్తువుల్ని కదిపే జీన్ గ్రే. మొదటి సంచికలో జీన్ కొత్తగా చేరుతుంది. అదే సంచిక అయ్యేలోపు మిగతా నలుగురితో కలిసి మిసైల్ స్థావరం దగ్గర మాగ్నెటోతో పోరాడుతుంది. ఈ బడిలో లెక్కల క్లాసు కన్నా డేంజర్ రూమ్ అనే శిక్షణ గదే ముఖ్యం. గోడల్లోంచి దూసుకొచ్చే యంత్రాలను తప్పించుకోవడమే పాఠం. 1964లో, ఏడో సంచికకే, ప్రొఫెసర్ ఐదుగురికీ డిప్లొమాలు ఇచ్చి చదువు అయిపోయిందనిపించాడు. ఏం చదివారో పాఠకుడు చూసింది తక్కువ.

పుస్తకం సరిగ్గా అమ్ముడుపోలేదు. 1970లో 66వ సంచికతో కొత్త కథలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఐదేళ్లు పాతవే మళ్లీ అచ్చేశారు. 1975లో లెన్ వీన్, డేవ్ కాక్రమ్ కొత్త జట్టుని తెచ్చారు కానీ అందులో స్టార్మ్, వుల్వరిన్, నైట్‌క్రాలర్ లాంటివాళ్లు అప్పటికే పెద్దవాళ్లు. బంగళా ఉంది, బోర్డు ఉంది, విద్యార్థులే లేరు.

క్రిస్ క్లేర్‌మాంట్ ఆ ఏడే రాయడం మొదలుపెట్టి 1991 దాకా వదల్లేదు. బడికి మళ్లీ పిల్లల్ని తెచ్చింది ఆయనే. 1980లో, 129వ సంచికలో, ఇల్లినాయ్‌లోని డీర్‌ఫీల్డ్ అనే ఊళ్లో కిట్టీ ప్రైడ్ అనే పదమూడేళ్ల అమ్మాయి కనిపిస్తుంది. గోడల్లోంచి నడిచి వెళ్లిపోవడం ఆమె శక్తి. తన బళ్లో చేర్చమని అడగడానికి జేవియర్ వాళ్లింటికి వస్తాడు. సరిగ్గా అప్పుడే మసాచుసెట్స్ అకాడమీ తరఫున ఎమ్మా ఫ్రాస్ట్ కూడా వస్తుంది. పదో తరగతి రిజల్ట్స్ రాకముందే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇంటి ముందు వాలే మన ఊళ్ల వ్యవహారమంతా ఆ కొద్ది పేజీల్లో ఉంది. అమ్మానాన్నలకి చెప్పింది మంచి చదువు అనే. ఏ బళ్లో చేరినా తమ కూతురు ఎవరితో కొట్లాడాల్సి వస్తుందో ఇద్దరు ప్రిన్సిపాళ్లలో ఒక్కరూ నోరు విప్పరు.

1982లో క్లేర్‌మాంట్, బాబ్ మెక్‌లాయిడ్ 'న్యూ మ్యూటెంట్స్' తెచ్చారు. బడి అన్న ఊహని సీరియస్‌గా పట్టుకున్న మొదటి పుస్తకం ఇదేనని నా లెక్క. ఎక్స్‌మెన్ చనిపోయారనుకుని కుంగిపోయిన జేవియర్ ఈసారి సైన్యం వద్దనుకుంటాడు. మీరు విద్యార్థులు మాత్రమే, ఎక్స్‌మెన్ కాదు అని కొత్త పిల్లలకి తేల్చి చెబుతాడు. ఆ ఐదుగురూ ఒకే మూసలోంచి వచ్చినవాళ్లు కాదు. కెంటకీ బొగ్గు గనిలో దిగిన శామ్ గత్రీ, వియత్నాం నుంచి వచ్చి చెల్లినీ తమ్ముణ్నీ సాకుతున్న షాన్, షెయెన్ తెగ అమ్మాయి డానీ మూన్‌స్టార్, బ్రెజిల్ డబ్బున్న ఇంటి కుర్రాడు రాబర్టో డకోస్టా, స్కాట్లాండ్‌లో మత భయంతో పెరిగి తోడేలుగా మారే రేన్ సింక్లేర్. ఇంటి మీద బెంగ, ఒకరి మీద ఒకరికి అసూయ, పడుకునే టైమ్ దాటాక కబుర్లు, ఇవన్నీ కథలోకి వచ్చాయి. 1984లో బిల్ షెంకేవిచ్ బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టాక వచ్చిన, డానీ పీడకలల్లోని ఎలుగుబంటి కథని జనం ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. టీనేజీ భయాన్ని అంత దగ్గరగా చూపించిన సూపర్‌హీరో బొమ్మలు అప్పట్లో అరుదు.

ఇక్కడో మెలిక కూడా పెట్టాడు క్లేర్‌మాంట్. జేవియర్ శరీరంలో బ్రూడ్ అనే పరాన్నజీవి గుడ్డు పెరుగుతోందనీ, తనకే తెలియకుండా దాని ప్రభావంలో పడి అతను ఈ పిల్లల్ని పోగేశాడనీ 1983లో బయటపడుతుంది. బడి పెట్టినవాడి ఉద్దేశం మీద అనుమానం అంత ముందే మొదలైందన్నమాట. ఆ వెంటనే కిట్టీని చిన్నపిల్లల బ్యాచ్‌లోకి మార్చబోతే, ఎక్స్‌మెన్ 168వ సంచిక మొదటి పేజీలోనే ఆ అమ్మాయి ప్రొఫెసర్‌ని తిట్టిపోస్తుంది. చదువుకోమంటే అవమానంగా, యుద్ధానికి పంపితే ప్రమోషన్‌గా అనిపించే వాతావరణం అది. తప్పు ఆ పిల్లది కాదు.

1985లో ఎక్స్‌మెన్ 200వ సంచిక తర్వాత జేవియర్ భూమి వదిలి వెళ్తూ బడిని మాగ్నెటోకి అప్పగించాడు. అప్పటికే 1981 కథ మాగ్నెటోని నాజీ మరణ శిబిరం నుంచి బతికి బయటపడ్డవాడిగా మార్చింది. అంచేత పాత శత్రువు హెడ్మాస్టర్ కావడం నమ్మేలాగే ఉంది. అతను పిల్లల్ని పోరాటాలకి దూరంగా ఉంచాలనే చూశాడు. కాపాడలేకపోయాడు. 1988లో, 'న్యూ మ్యూటెంట్స్' అరవయ్యో సంచికలో, డగ్ రామ్సీ అనే విద్యార్థి చనిపోయాడు. ఏ భాషైనా, కంప్యూటర్ భాషైనా సరే, వినగానే అర్థం చేసుకోవడమే అతని శక్తి. ఒక విశ్వవిద్యాలయం కళ్లకద్దుకోవాల్సిన పిల్లవాడు. రేన్‌కి తగలాల్సిన తుపాకీ గుండుకి అడ్డుపడి పోయాడు. కొట్లాట బొమ్మల్లో డగ్‌కి పనేమీ ఉండేది కాదనీ, అతన్ని గియ్యడం ఆర్టిస్టులకి విసుగనీ అప్పటి రచయిత్రి లూయిస్ సైమన్సన్ తర్వాత చెప్పింది. నా మటుకు మొత్తం చరిత్రలో కీలకమైన సంగతి ఇదే. గుద్దులాట అమ్ముకునే పుస్తకంలో చదువు పనికొచ్చే పిల్లాడికి చోటు మిగల్లేదు.

తర్వాత జరిగింది వ్యాపారం. రాబ్ లైఫెల్డ్ బొమ్మలకి రావడం, 1990లో భారీ తుపాకుల కేబుల్ ఆ పిల్లలకి నాయకుడు కావడం, 1991లో వందో సంచికతో 'న్యూ మ్యూటెంట్స్' మూతపడి అదే జట్టు 'ఎక్స్‌ఫోర్స్'గా మారడం చకచకా జరిగిపోయాయి. ప్లాస్టిక్ కవర్లో బొమ్మల కార్డు పెట్టి అమ్మిన ఎక్స్‌ఫోర్స్ మొదటి సంచిక దాదాపు 50 లక్షల కాపీలు పోయింది. అదే ఏడాది వచ్చిన కొత్త 'ఎక్స్‌మెన్' మొదటి సంచిక 80 లక్షలు దాటి రికార్డు కొట్టింది. ఆ అంకెలు చూశాక క్లాసు గది కథలు ఎవరు రాస్తారు?

ఒకరు మాత్రం టీచర్‌గా మిగిలారు. ఆశ్చర్యం ఏంటంటే, ఆవిడ విలన్. ఎమ్మా ఫ్రాస్ట్ తన హెలియన్స్ అనే విద్యార్థుల్లో చాలామందిని అదే 1991లో మ్యూటెంట్లని వేటాడే సెంటినెల్ యంత్రాల దాడిలో పోగొట్టుకుంది. ఆ అపరాధ భావంతోనే 1994లో స్కాట్ లాబ్‌డెల్, క్రిస్ బకాలో మొదలుపెట్టిన 'జనరేషన్ ఎక్స్'లో బ్యాన్షీ అనే పాత ఎక్స్‌మెన్ సభ్యుడితో కలిసి మళ్లీ బడి నడిపింది. జూబిలీ, చేంబర్, సింక్ అక్కడి పిల్లలే. సింక్ 2000లో చనిపోయాడు. ఆ తర్వాత మ్యూటెంట్లుండే జెనోషా ద్వీపంలో పాఠాలు చెబితే 2001లో ఆ ద్వీపమే కోటీ అరవై లక్షల మందితో సహా నాశనమైంది. అక్కడ పోయిన ఆమె విద్యార్థినుల్లో ఒకరు నెగసోనిక్ టీనేజ్ వార్‌హెడ్. డెడ్‌పూల్ సినిమాల్లో గుండు చేయించుకుని చిరాకుపడే ఆ అమ్మాయే, కాకపోతే సినిమా వాళ్లు పేరు తప్ప దాదాపు అన్నీ మార్చేశారు. జేవియర్ మంచివాడనీ ఎమ్మా చెడ్డదనీ రాసుకుంటూ వచ్చిన పుస్తకంలో, పోయిన పిల్లల్ని తలుచుకుని ఎక్కువగా కుమిలింది ఆవిడే.

సినిమాలు 2000లో మొదలయ్యాయి. 2003 నాటి రెండో సినిమాలో సైనికులు రాత్రిపూట బడి మీద పడి పిల్లల్ని మంచాల మీంచి లాక్కెళ్లే సీన్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. సరిగ్గా ఆ ఏడే అమెరికాలో ఒక తమాషా తీర్పు వచ్చింది. దిగుమతి సుంకం బొమ్మ మనుషులకి 12 శాతం, మామూలు ఆటవస్తువులకి 6.8 శాతం. ఎక్స్‌మెన్ బొమ్మలు మనుషుల బొమ్మలు కావని మార్వెల్ అనుబంధ కంపెనీ టాయ్ బిజ్ వాదించి కోర్టులో గెలిచింది. మ్యూటెంట్లూ మనుషులేనని నలభై ఏళ్లు కథలమ్మినవాళ్లే, సుంకం దగ్గరికొచ్చేసరికి ప్లేటు ఫిరాయించారు.

2001లో గ్రాంట్ మారిసన్ 'న్యూ ఎక్స్‌మెన్' పగ్గాలు తీసుకున్నాక బడి నిజంగా బడి అయింది. జేవియర్ మ్యూటెంట్ అన్న రహస్యం టీవీలో బయటపడింది, వందల మంది పిల్లలు వచ్చి చేరారు. అందరూ అందగాళ్లు కాదు. కోడిపిల్లలాంటి బీక్, పారదర్శకమైన మైనం ఒళ్లున్న గ్లాబ్ హెర్మన్ లాంటివాళ్లు, ఏ యుద్ధానికీ పనికిరాని శక్తులున్నవాళ్లు. 2003లో క్వెంటిన్ క్వైర్ అనే తెలివైన విద్యార్థి సరిగ్గా బయటివాళ్లు బడి చూడ్డానికొచ్చే ఓపెన్ డే నాడు తిరుగుబాటు చేస్తాడు. మాగ్నెటో చెప్పిందే నిజమని టీ షర్టు మీద రాసుకుని, మీ శాంతి పాఠాలు ఎవరిని కాపాడాయని అడుగుతాడు. వాడు మూర్ఖుడే కానీ, ఆ ప్రశ్నకి జేవియర్ దగ్గర సరైన జవాబు లేదు.

ఆ కాలపు పిల్లల్లో ముంబై కుర్రాడు పారస్ గవాస్కర్ ఉన్నాడు. ఒంటి మీద కవచం మొలవడం అతని శక్తి, కోడ్‌నేమ్ ఇంద్ర. కవచం ఉన్నవాడికి కర్ణుడి పేరు పెట్టాలి గానీ, దాన్ని అడిగి పట్టుకుపోయిన ఇంద్రుడి పేరు ఎవరు పెట్టారో!

తర్వాతి కొన్నేళ్లూ చావుల లెక్కే. 2005 కథలో భూమ్మీది మ్యూటెంట్లలో దాదాపు అందరి శక్తులూ పోయి రెండు వందల లోపు మిగిలారు. శక్తులు పోయిన విద్యార్థుల్ని ఇళ్లకి పంపుతున్న బస్సుని 2006లో మతోన్మాదులు పేల్చేశారు. పదుల సంఖ్యలో పిల్లలు పోయారు. అదే ఏడాది ఎడ్ బ్రూబేకర్ రాసిన కథ 1975 దాకా వెనక్కి వెళ్లి ఇంకో రహస్యం తవ్వింది. కొత్త జట్టుకంటే ముందే జేవియర్ కొంతమంది కుర్రాళ్లని తగిన శిక్షణ లేకుండా క్రకోవా ద్వీపానికి పంపాడట, వాళ్లు తిరిగి రాకపోతే ఆ సంగతి స్కాట్ జ్ఞాపకంలోంచే చెరిపేశాడట. ఇలా పాత కథలోకి చొరబడి రాయడం కొందరికి నచ్చలేదు. నాకు మాత్రం ఇది అతకని విషయం అనిపించలేదు, మొదటి సంచిక నుంచీ అలా పంపుతూనే ఉన్నాడు కదా.

గొడవ బాహాటంగా తేలింది 2011లో. పద్నాలుగేళ్ల నైజీరియా అమ్మాయి ఈడీ ఒకొంక్వో బందీలని కాపాడటానికి దుండగుల్ని చంపాల్సి వస్తుంది. పిల్లలకి ఆత్మరక్షణ నేర్పక తప్పదని స్కాట్, పిల్లల్ని పిల్లలుగా ఉండనివ్వాలని వుల్వరిన్ విడిపోతారు. వందల మందిని చంపిన వుల్వరిన్ వెళ్లి అదే వెస్ట్‌చెస్టర్ స్థలంలో జీన్ గ్రే పేరుతో బడి తెరుస్తాడు. మొదటి బెంచీలో కూర్చుని చదివిన స్కాట్ ఏమో సైన్యాధ్యక్షుడిగా మిగులుతాడు. జేవియర్ మొదటి విద్యార్థి అలా తేలడం ఆ బడి మీద రాసిన అన్నిటికన్నా కటువైన విమర్శ.

2019లో జోనథన్ హిక్‌మన్ మ్యూటెంట్లకి క్రకోవా ద్వీపంలో ఒక దేశమే ఇచ్చాడు. చచ్చిపోయినవాళ్లని తిరిగి బతికించే పద్ధతి ఒకటి పుట్టించాడు. దాని వెనకున్న ఐదుగురిలో ఎలిక్సిర్ పాత బడి విద్యార్థి. సింక్ లేచొచ్చి ఎక్స్‌మెన్‌లో చేరాడు. ఆ ద్వీపం ఒక ప్రాణి, దాని భాష తెలిసింది డగ్ రామ్సీకే. ఒకప్పుడు ఆర్టిస్టులు విసుక్కున్న పిల్లవాడు లేకపోతే అక్కడ ఏ ఒప్పందమూ కుదరదు.

ఆ దేశం 2024లో ముగిసింది. గ్రేమాల్కిన్ లేన్ బంగళా ఆ తర్వాతి కథల్లో మ్యూటెంట్లని బంధించే జైలు. ఎక్స్‌మెన్ కొంతమంది లూసియానాలో తలదాచుకున్నారు. ఈవ్ ఈవింగ్ 2024లో మొదలుపెట్టిన కథలో కిట్టీ ప్రైడ్ చికాగోలో ఒక బార్‌లో పని చేసుకుంటూ, ఇక ఎక్స్‌మెన్ ఊసే వద్దనుకుంటుంది. శక్తులొచ్చి దిక్కు తోచని ముగ్గురు పిల్లలు ఎదురయ్యాక నేర్పక తప్పలేదు. ఆమెతోపాటు ఆ ముగ్గురికీ పాఠాలు చెప్పింది, 1980లో తనని చేర్చుకోడానికి జేవియర్‌తో పోటీపడి డీర్‌ఫీల్డ్ దాకా వచ్చిన ఎమ్మా ఫ్రాస్టే.