పరిమళాల టీలు రుచి చూడబోయే పిల్లలకు

చిరంజీవులకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఉత్తరంలో ఒక ఫిర్యాదు, ఒక ప్రశ్న ఉన్నాయి. పీచ్ టీ వాసనకే నోరూరిందనీ, తీరా తాగితే చప్పగా ఉందనీ ఫిర్యాదు. పెట్టెలో ఉన్న ఇన్ని రకాల్లో ఏది మంచిదో ఎలా తేల్చాలని ప్రశ్న. ఫిర్యాదు సంగతి అర్థమైతే ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే కాబట్టి అటు నుంచే నరుక్కు వద్దాం.

నాలుకకు సొంతంగా తెలిసినవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి. ఈ చివరిదాన్ని 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెదా గుర్తించాడు. మంచి గ్రీన్ టీ తాగాక నాలుక మీద నిలిచే కమ్మదనంలో దాని వాటా ఉంది. షడ్రుచుల్లో మనం లెక్కపెట్టే కారం, వగరు శాస్త్రం దృష్టిలో స్పర్శకు దగ్గరివి. టీ ఆకులో సహజంగా ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడంతో నోటిలోని జారుడుతనం తగ్గుతుంది. ఆ గరుకుదనమే వగరు. మరి పీచ్, వెనిల్లా, మల్లె, దాల్చినచెక్క? ఇవన్నీ ముక్కు సొత్తు. గుటక వేసినప్పుడు వాసన నోటి వెనక నుంచి పైకెక్కి ముక్కుకు చేరుతుంది. మనమేమో ఆ ఘనతంతా నాలుకకు కట్టబెడతాం.

నమ్మకపోతే ముక్కు గట్టిగా మూసుకుని మీ పీచ్ టీని ఒక చెంచాడు నోట్లో పోసుకోండి. కాస్త చేదు, కాస్త వగరు తప్ప ఏమీ తెలియదు. మింగి ముక్కు వదలండి, పీచ్ ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది. ఇప్పుడు మీ ఫిర్యాదుకు వస్తాను. మనం తిన్న ప్రతి పండులోనూ ఆ వాసన వెంట చక్కెర, పులుపు కలిసే వచ్చాయి. అందుకే పండు వాసన సోకగానే మెదడు తీపి కోసం సిద్ధమవుతుంది. పొట్లంలో వాసన ఉంది, చక్కెర లేదు. ఆశ పెట్టి ఎగ్గొట్టినట్టయింది. అదే కప్పులో అర చెంచా చక్కెర కలిపి మళ్ళీ చూడండి, తీపితో పాటు పీచ్ వాసన కూడా పెరిగినట్టు అనిపిస్తుంది. ఒక్క బొట్టు వాసన కూడా మనం అదనంగా వేయలేదు సుమా.

పరిమళం ఆకులోకి ఎలా చేరిందన్నది తర్వాత చూడాల్సిన విషయం. ఈ పనిలో నాకు అన్నిటికంటే ముచ్చటైనది మల్లె టీ. చైనాలోని ఫూజౌ దీనికి పేరుపొందిన చోటు. మొగ్గలను పగలే కోస్తారు, అవి విచ్చుకునేది సాయంత్రం తర్వాత. విచ్చుకునే వేళకు టీ ఆకుతో కలిపి రాత్రంతా ఉంచుతారు. ఎండిన ఆకుకు వాసననూ తేమనూ పీల్చే గుణం ఉంది కనుక పువ్వు ఇచ్చినదంతా తీసుకుంటుంది. తెల్లారాక పువ్వులను జల్లించి తీసేసి, తేమెక్కిన ఆకును మళ్ళీ ఆరబెడతారు. మేలు రకాలకు ప్రతిసారీ కొత్త పువ్వులతో ఇదే తంతు చాలాసార్లు జరుగుతుంది. కాబట్టి పొట్లంలో పూరేకులు దండిగా కనిపిస్తే మురిసిపోకండి. పరిమళం ఇచ్చేసిన పువ్వు పని అప్పటికే అయిపోయింది, అక్కడ ఉన్నవి చాలావరకు అలంకారానికే.

ఎర్ల్ గ్రే దారి వేరు. బెర్గమాట్ అనే పుల్లటి నిమ్మజాతి పండు తొక్క నుంచి తీసిన నూనెను బ్లాక్ టీకి పట్టిస్తారు. ఆ పండు ఎక్కువగా పండేది దక్షిణ ఇటలీలోని కలాబ్రియాలో. 1830 నుంచి 1834 వరకు బ్రిటన్ ప్రధానిగా ఉన్న చార్లెస్ గ్రే పేరు దీనికి ఎలా వచ్చిందన్న దాని మీద కథలు బోలెడు, ఆధారాలు తక్కువ. బెర్గమాట్ నూనెలో లినలూల్ అనే పరిమళ పదార్థం ఉంటుంది. లావెండర్‌లోనూ అది ముఖ్యమైనదే. మల్లెలో ఉంది, మామూలు టీ ఆకులోనూ కొంత ఉంది. ఎర్ల్ గ్రే తాగి మీలో ఎవరైనా “ఏదో పువ్వు వాసన” అంటే మిగిలినవాళ్ళు నవ్వకండి. ఆ ముక్కు సరిగ్గానే పనిచేస్తోంది.

చైనాలోని ఊయీ కొండల్లో తయారయ్యే లాప్సాంగ్ సూచాంగ్ అనే బ్లాక్ టీలో పైన్ కట్టె పొగ పట్టించిన రకం ఉంటుంది. ఒకరికి ప్రాణం, పక్కవారికి తలనొప్పి. జపాన్ వాళ్ళ గెన్మైచాలో గ్రీన్ టీతో వేయించిన బియ్యం కలుపుతారు. లవంగం, యాలకులు, దాల్చినచెక్క వేసిన టీల్లో చాలావరకు ముక్కలు ఉంటాయి గనుక వాటి సారం దిగడానికి ఆకు కంటే ఎక్కువ సమయం కావాలి. అవి ముక్కలుగా ఉన్నాయా, పొడిగా ఉన్నాయా అన్నదాన్ని బట్టే కప్పు మారిపోతుంది. పుదీనా, అల్లం ఇంకో తరహా. పుదీనాలోని మెంథాల్ నోటిలో చల్లదనాన్ని పసిగట్టే నాడుల్ని తట్టిలేపుతుంది, అందుకే వేడి టీ తాగుతూ చల్లగా ఉందంటాం. అల్లం ఘాటు అదే విధంగా వేడిని పసిగట్టే నాడుల్ని తాకుతుంది. ఇక నూనె చుక్కలు చల్లిన పండ్ల టీలున్నాయి చూడండి, వాటి మీద నాకు కొంచెం అనుమానం ఎక్కువ. పొట్లం విప్పగానే గదంతా నిండే వాసన నీరసమైన ఆకును దాచడానికి కూడా పనికొస్తుంది. అన్నీ అలాంటివేనని అనడం లేదు. అయినా తడిసిన ఆకును ఒకసారి చేతిలో వేసుకుని చూడండి. ధూళిలా ఉందా, ఆకులా ఉందా?

ఇప్పుడు పోల్చే పద్ధతి. ఏ పరిమళమూ లేని సాదా బ్లాక్ టీ ఒకటి, సాదా గ్రీన్ టీ ఒకటి ముందుగా పెట్టుకోండి. అవి లేకుండా ఏది పరిమళమో, ఏది ఆకో విడదీయలేరు. బ్లాక్ టీని బ్లాక్ టీతోనే, గ్రీన్ టీని గ్రీన్ టీతోనే పోల్చండి. చామంతి, మందార, దక్షిణాఫ్రికా పొద నుంచి వచ్చే రూయిబోస్ అసలు టీ మొక్క ఆకులే కావు, వాటిని వేరే రోజుకు పెట్టుకోండి. టీ పరీక్షకు ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 100 మిల్లీలీటర్ల మరిగే నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు. అది ఆకులోని లోపాలు బయటపడేలా తయారుచేసే చిక్కటి టీ, హాయిగా తాగడానికి కాదు. మీకు బ్లాక్ టీకి 3 నిమిషాలు చాలు. గ్రీన్ టీకి నీళ్ళు 80 డిగ్రీలు దాటకుండా చూసుకోండి, మరిగే నీళ్ళు పోస్తే చేదు ఎక్కువగా దిగుతుంది. పోల్చే కప్పులన్నిటికీ ఆకు తూకం, నీళ్ళు, వేడి, సమయం ఒకటే ఉండాలి. ఒకటి 2 నిమిషాలు, ఒకటి 5 నిమిషాలు నానితే మీరు పోల్చింది గడియారాన్ని, టీని కాదు.

మల్లె వంటి మెత్తని పరిమళాలు ముందు, మసాలా తర్వాత, పొగ, పుదీనా చిట్టచివర. పుదీనా ముందు తాగితే తర్వాతి కప్పులన్నీ దాని కిందే పడి ఉంటాయి. మధ్యలో మంచినీళ్ళు పుక్కిలించండి. పొగలు కక్కుతుండగా తాగకండి, గోరువెచ్చగా అయ్యాకే తేడాలు బాగా తెలుస్తాయి. చెంచాతో తీసుకుని చప్పుడయ్యేలా జుర్రండి. ఈ ఒక్క సందర్భంలో పెద్దలెవరూ కోప్పడకూడదు, ఎందుకంటే గాలితో కలిసి తుంపరలైన టీ వాసన ముక్కుకు త్వరగా చేరుతుంది. వృత్తిగా టీ పరీక్షించేవాళ్ళు జుర్రి, ఉమ్మేస్తారు. మీరూ అలాగే చేయండి. టీలో కెఫీన్ ఉంది, డజను రకాలను గుటకలు వేస్తే రాత్రికి నిద్ర పట్టదు.

అన్నిటికంటే ముఖ్యం, కప్పులో ఏముందో తాగేవాళ్ళకు తెలియకూడదు. దీనికి పేరు మోసిన ఉదాహరణ ఉంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త ఉండేది. కప్పులో పాలు ముందు పోశారో, టీ ముందు పోశారో రుచితో చెప్పగలనందట ఆమె. అక్కడే పనిచేసే గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ ఆ మాటను పరీక్షించే పద్ధతిని 1935లో అచ్చులో వివరించాడు. మొత్తం 8 కప్పులు, నాలుగింటిలో పాలు ముందు, నాలుగింటిలో టీ ముందు. వాటిలోంచి నాలుగు కప్పులను 70 రకాలుగా ఎంచవచ్చు, అందులో సరైనది ఒక్కటే. గుడ్డిగా చెప్పేవాళ్ళకు అన్నీ సరిగ్గా తగలడం 70లో ఒక వంతు అన్నమాట.

మీకు అన్ని కప్పులు అక్కరలేదు. మూడు పెట్టండి, రెండింటిలో ఒకటే టీ, మూడో దానిలో వేరేది. పేర్లు కప్పు అడుగున రాసి, ఒకరు పోస్తే ఇంకొకరు తాగండి. తేడా కప్పును కనిపెట్టాలి. ఊహించి చెప్పినా మూడింట ఒక వంతు తగులుతుంది కాబట్టి ఒక్క గెలుపుతో ఎగరకండి. వరసగా మూడుసార్లు ఊహ తగలడం 27లో ఒక వంతు, అప్పుడు నమ్మవచ్చు. రంగు చూసి కనిపెట్టకుండా కళ్ళు మూసుకోవడం మేలు. ఖరీదైన పొట్లాన్నీ మామూలు పొట్లాన్నీ ఇలా ఎదురెదురుగా పెట్టి చూస్తే భలే సరదాగా ఉంటుంది.

రాసుకునేటప్పుడు “బాగుంది” అని రాయకండి, వారం తర్వాత ఆ మాట మీకే అర్థం కాదు. పొడి ఆకు వాసన, తడి ఆకు వాసన, నోట్లో మొదట తెలిసింది, మింగాక మిగిలింది విడివిడిగా రాయండి. పొడి ఆకులో గుప్పుమన్న పరిమళం కప్పులో సగమైనా నిలిచిందా అన్నది తప్పకుండా రాయండి, రకాల మధ్య అసలు తేడా అక్కడే బయటపడుతుంది. పాలు, చక్కెర రెండో విడతలో. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ వగరును తగ్గిస్తుంది. మసాలా టీ పాలను తట్టుకుంటుంది, మల్లె టీలో పాలు పోస్తే నేను మీతో మాట్లాడను. నిమ్మరసం పిండితే బ్లాక్ టీ రంగు తేలికవడం గమనించండి.

ఇంకొకటి, పరీక్ష అయ్యాక మిగిలిన పొట్లాలన్నీ ఒకే డబ్బాలో పడేయకండి. పువ్వు వాసన పీల్చిన ఆకే పక్కనున్న పొగనూ లవంగాన్నీ పీలుస్తుంది. దేనికదే బిగుతైన మూతతో, వెలుతురు తగలని చోట పెట్టండి. లాప్సాంగ్‌ను మాత్రం వేరే అలమారలోనే ఉంచండి.

మీ రాతలు నాకు పంపండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ