అన్నీ బీ సిరీసే, అయినా గేర్‌బాక్స్ ఎందుకు పట్టదు?

బ్రిటన్‌కు చెందిన ఎంజీ కంపెనీ పాత స్పోర్ట్స్ కారు ఎంజీఏలో, దాని తర్వాతి మోడల్ ఎంజీబీ ఇంజన్ పెట్టొచ్చా అని అడిగితే, "భేషుగ్గా పెట్టొచ్చు, రెండూ బీ సిరీసే కదా" అనే జవాబు తేలిగ్గా దొరుకుతుంది. అబద్ధం కాదు, సగం నిజం. ఇంజన్ వెళ్లి కూర్చుంటుంది. గేర్‌బాక్స్‌ను దాని వెనక్కి తోస్తుంటే మాత్రం ఆఖరి అర అంగుళం మిగిలిపోయి పని ఆగుతుంది. ఆ అర అంగుళం వెనక 1964, 1967 సంవత్సరాల్లో జరిగిన రెండు మార్పులున్నాయి.

1952లో ఆస్టిన్, మోరిస్ సంస్థలు కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాయి. బానెట్ మీద పేర్లు ఎన్నున్నా, లోపలి ఇంజన్లను ఏ, బీ, సీ అనే మూడు వరసలకు కుదించారు. బీ సిరీస్ మధ్యది. ఎంజీఏలో ఇది 1955లో 1489 సీసీతో మొదలై 1588, 1622 అయింది. 1962లో ఎంజీబీ వచ్చేసరికి 1798కి చేరింది. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) మాత్రం 88.9 మిల్లీమీటర్ల దగ్గరే ఉండిపోయింది. పెరిగిందల్లా బోరు (సిలిండర్ వ్యాసం), 73 నుంచి 80.26కి.

మనకూ ఇది పరాయి ఇంజనేమీ కాదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టిన అంబాసిడర్‌ను దశాబ్దాల పాటు లాగింది ఈ 1489 సీసీయే. తర్వాత వచ్చిన డీజిల్ అంబాసిడర్‌దీ అదే కొలత. సీసీ ఒకటే కదా అని పెట్రోల్ హెడ్ తెచ్చి డీజిల్ బ్లాకు మీద ఏ మెకానిక్కూ బిగించడు. ఎంజీల దగ్గరికొచ్చేసరికి ఆ జాగ్రత్త ఎగిరిపోతుంది.

మొదట్లో బీ సిరీస్ క్రాంక్‌ను (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్‌ను) మోసేవి మూడు మెయిన్ బేరింగులు. 1964లో ఆస్టిన్ 1800 కోసం ఐదు బేరింగుల బ్లాకు చేశారు, ఆ ఏడాది అక్టోబరు నుంచి ఎంజీబీకీ అదే ఇచ్చారు. ఇంజన్ నంబరు 18జీ, 18జీఏతో మొదలైతే మూడు బేరింగులు, 18జీబీ అయితే ఐదు. చిక్కు క్రాంక్ వెనక కొసలో ఉంది. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ మొన దూరే పైలట్ బుష్ కొలత ఇక్కడ మారింది, షాఫ్ట్ మొన కూడా లావైంది. వెనక ఆయిల్ సీలు కూడా కొత్తది కావడంతో బ్యాక్ ప్లేటు (ఇంజన్, గేర్‌బాక్స్‌ల మధ్య పలక) రంధ్రం పాతదానితో కలవదు.

లావు మొన ఉన్న షాఫ్ట్‌ను మూడు బేరింగుల క్రాంక్‌లోకి తోస్తే దూరదు. బోల్టులు తిప్పి లాగేద్దాం అనుకోవడం అన్నిటికన్నా చెడ్డ పని: ఆ బలమంతా క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్ల మీద పడుతుంది. తిరగేసి, సన్న మొనను పెద్ద బుష్‌లో పెడితే హాయిగా దూరుతుంది, అదే మోసం. షాఫ్ట్ ఊగుతుంది, ముందు బేరింగ్ అరుగుతుంది, గేర్లు జారుతాయి. ఇలా సన్న మొన ఉన్నప్పుడు, బయట కొలత క్రాంక్‌కు, లోపలి కొలత షాఫ్ట్‌కు సరిపోయేలా లేత్ మీద కంచు బుష్ చేయించుకోవడమే దారి. ఇంజన్ ఇంకా స్టాండు మీద ఉండగానే బుష్‌ను షాఫ్ట్ మొనకు తొడిగి చూడాలి, క్లచ్ ప్లేటును షాఫ్ట్ మీది గాడుల (స్ప్లైన్ల) మీద చేత్తో జరిపి చూడాలి. ఐదు నిమిషాల పని. ఎంజీబీలో అయితే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే గేర్‌బాక్స్ ఒక్కటీ కిందికి రాదు, తప్పు జరిగితే ఇంజన్‌తో సహా మళ్లీ పైకి ఎత్తాల్సిందే.

రెండో మార్పు 1967 చివర్లో, 18జీడీతో వచ్చింది. అప్పటిదాకా ఫస్ట్ గేరుకు సింక్రో (గేరు గరగరలాడకుండా పడేలా వేగాలు కలిపే ఏర్పాటు) లేదు, కొత్త బాక్సులో నాలుగింటికీ ఇచ్చారు. బాక్సు లావైంది కాబట్టి కారు టన్నెల్ (గేర్‌బాక్స్ ఇమిడే నేల మధ్య గూడు) వెడల్పు చేశారు. అందుకే ఈ బాక్సు పాత ఎంజీబీలో పెట్టాలంటే రేకు కోయక తప్పదు. సెల్ఫ్ మోటార్ కూడా ప్రీ ఎంగేజ్డ్ రకానికి (పళ్లు ముందు కలిశాకే తిరిగేదానికి) మారింది, దానితోపాటు ఫ్లైవీల్, బ్యాక్ ప్లేటు. ఈ మూడింటినీ విడదీయకూడదు: గేర్‌బాక్స్ ఏ కాలానిదో అవీ ఆ కాలానివే ఉండాలి. ఇంజన్‌తో వచ్చాయి కదా అని ఉంచేస్తే సెల్ఫ్ పళ్లు ఫ్లైవీల్ చుట్టూ ఉండే రింగ్ గేరుకు అందవు, లేదా నూరుకుపోతాయి.

ఎంజీఏ వైపు మరికొన్ని ఉన్నాయి. ఇంజన్ మౌంటింగులు ముందు ప్లేటుకే ఉంటాయి కనుక ఎంజీఏ ప్లేటు విప్పి కొత్త ఇంజన్‌కు బిగించాలి. టాకోమీటర్ (ఇంజన్ తిరిగే వేగం చూపే మీటరు) కేబుల్‌తో నడుస్తుంది, ఐదు బేరింగుల బ్లాకులో ఆ కేబుల్‌కు చోటు లేదు, మీటరును ఎలక్ట్రానిక్ చేయించుకోవాలి. ఈ పనికి 18జీ, 18జీఏ ఇంజన్లు దొరికితే సగం తలనొప్పి తప్పుతుంది. బలం కావాలంటే మాత్రం ఐదు బేరింగులే.

ఆ తర్వాత క్రౌన్, అంటే వెనక యాక్సిల్ గేర్లు. ఎంజీఏ 1500, 1600లకు నిష్పత్తి 4.3, ఎంజీబీకి 3.909. 1798 ఇంజన్‌ను 4.3 మీదే వదిలేస్తే హైవేలో అనవసరంగా అరుస్తుంది. 3.909 వేస్తే స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది, దాన్నీ సరిచేయించాలి.

గేర్‌బాక్స్‌లో పోయాల్సింది ఇంజన్ ఆయిలే, 20డబ్ల్యూ-50. నాలుగు సింక్రోల బాక్సుకు దాదాపు 3 లీటర్లు, ఓవర్‌డ్రైవ్ (హైవే వేగానికి అదనపు గేరు) ఉంటే 3.4. అలవాటు కొద్దీ క్రౌన్ ఆయిల్ పోస్తే అందులోని రసాయనాలు సింక్రో రింగుల ఇత్తడిని తినేస్తాయి.