చాగోస్: 1965లో లండన్‌లో కుదిరిన ‘ఒప్పుదల’

హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవులు మళ్లీ వార్తల్లోకెక్కాయి. వాటిని మారిషస్‌కు అప్పగిస్తూ 2025 మే 22న బ్రిటన్ ఒప్పందం చేసుకుంది. అప్పుడు స్వాగతించిన అమెరికా 2026 జనవరికి మాట మార్చింది. అది తెలివితక్కువ పని అని ట్రంప్ అనేసరికి లండన్‌లో ప్రతిపక్షాలు గొంతు పెంచాయి. మన భూమిని ఇచ్చేసి పైగా మనమే అద్దె కట్టడమేమిటని అడుగుతున్నాయి. వాటిలో పెద్దదైన డియెగో గార్సియా దీవిలోని బ్రిటన్-అమెరికా సైనిక స్థావరం కోసం 99 ఏళ్ల పాటు ఏటా సగటున 10.1 కోట్ల పౌండ్లు కట్టాలి. చిన్న మొత్తమేమీ కాదు. కానీ ఆ దీవులు ‘మన భూమి’ ఎలా అయ్యాయన్నది ముందు తేలాలి. దానికోసం ఫ్రెంచివాళ్ల కొబ్బరి తోటల దాకా, ఫ్రాన్స్ నుంచి ఇవి బ్రిటన్ చేతికొచ్చిన 1814 పారిస్ సంధి దాకా వెళ్లనక్కర్లేదు. 1965 సెప్టెంబర్ 23న ఏం జరిగిందో చూస్తే చాలు.

ఆ రోజు పొద్దున బ్రిటిష్ ప్రధాని హెరాల్డ్ విల్సన్‌ను కలవడానికి మారిషస్ నాయకుడు శివసాగర్ రాంగులాం వెళ్లారు. తమ దేశ స్వాతంత్ర్యం గురించి లండన్‌లోని లాంకాస్టర్ హౌస్‌లో చర్చలు సాగుతున్న రోజులవి. మారిషస్ పాలన కిందే ఉన్న చాగోస్‌ను విడదీసి తమ దగ్గర ఉంచుకోవాలని బ్రిటన్ అప్పటికే నిర్ణయించుకుంది. హిందూ మహాసముద్రం మధ్యలో అమెరికాకు స్థావరం కావాలి. ముందు రోజు విల్సన్ చేతికి ఆయన కార్యదర్శి ఒక నోట్ ఇచ్చారు. ఆశ చూపి రాంగులాంను భయపెట్టడమే ఈ భేటీ లక్ష్యమని అందులో ఉంది. స్వాతంత్ర్యం రావచ్చునన్నది ఆశ. చాగోస్ విషయంలో బుద్ధిగా మసలుకోకపోతే అది రాకపోవచ్చునన్నది భయం.

విల్సన్ ఆ నోట్ ప్రకారమే నడుచుకున్నారు. మీరు స్వాతంత్ర్యంతోనైనా ఇంటికి వెళ్లొచ్చు, అది లేకుండానైనా వెళ్లొచ్చు అన్నారు. దీవులను మీరు ఒప్పుకుంటే ఒప్పందంతో విడదీస్తాం, లేకపోతే రాణిగారి ఉత్తర్వుతో విడదీస్తాం అన్నారు. అదే రోజు మధ్యాహ్నం లాంకాస్టర్ హౌస్‌లో మారిషస్ నాయకులు సూత్రప్రాయంగా తలూపారు. 30 లక్షల పౌండ్ల పరిహారం, రక్షణ అవసరం తీరాక దీవులు తిరిగి ఇచ్చేస్తామన్న హామీ దక్కాయి. నవంబర్ 8న ఉత్తర్వు వచ్చింది, ‘బ్రిటిష్ హిందూ మహాసముద్ర భూభాగం’ పుట్టింది. వలసలకు స్వాతంత్ర్యం ఇచ్చే ముందు వాటిని ముక్కలు చేయకూడదని ఐక్యరాజ్యసమితి 1960లోనే తీర్మానించింది. 1965 డిసెంబర్‌లో మారిషస్ పేరెత్తి మరీ చెప్పింది. బ్రిటన్ వినలేదు.

మారిషస్ మంత్రులు ఒప్పుకున్నారు, డబ్బూ తీసుకున్నారు అన్నది బ్రిటన్ ఇన్నేళ్లుగా చెప్పిన వాదన. రెండూ నిజమే. కానీ అదే ఉత్తర్వుతో, అప్పట్లో బ్రిటిష్ వలసే అయిన సీషెల్స్ నుంచి కూడా మూడు దీవుల్ని తీసుకుని కొత్త భూభాగంలో కలిపారు. 1976లో సీషెల్స్‌కు స్వాతంత్ర్యం ఇచ్చినప్పుడు ఆ మూడూ తిరిగి ఇచ్చేశారు. చాగోస్‌ను మాత్రం ఉంచుకున్నారు.

మనవాళ్లకు ఇది పరాయి గొడవేమీ కాదు. కోరంగి రేవులో ఓడెక్కి మారిషస్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ కోరంగీలు అనేవారు. ఉగాది ఇప్పటికీ ఆ దేశంలో సెలవు రోజు. 1965లో రాంగులాం ముందు తూకం వేసిన స్వాతంత్ర్యం ఆ కుటుంబాలది కూడా. అది 1968 మార్చి 12న వచ్చింది, చాగోస్ లేకుండా.

ఆ లెక్కలోకే రానివాళ్లు మాత్రం చాగోస్‌ జనం. మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి. తర్వాత వెళ్లిన భారతీయ కూలీలు కొందరు వాళ్లలో కలిసిపోయారు. కొబ్బరి తోటల్లో పని, క్రియోల్ మాట, తరతరాల సమాధులు. ఇలాంటి జనం ఉన్నారని ఒప్పుకుంటే వాళ్ల బాగోగుల గురించి ఐక్యరాజ్యసమితికి జవాబు చెప్పాలి. అందుకని వాళ్లను ‘కాంట్రాక్టు కూలీలు’గా రాశారు. 1966లో బ్రిటిష్ విదేశాంగ శాఖ పెద్ద అధికారి ఒకరు, సముద్రపు కొంగలు తప్ప అక్కడ స్థానిక జనాభా ఉండదని ఫైల్లో రాసుకున్నారు. పక్షులతో పాటు కొందరు టార్జాన్లూ ఉన్నారని ఇంకో అధికారి జవాబు రాశారు. ఆ ఏడాది డిసెంబర్ 30న అమెరికాతో ఒప్పందం కుదిరింది. అద్దె లేదని బయటికి చెప్పారు. అమెరికా నుంచి కొన్న పోలారిస్ క్షిపణుల బిల్లులో బ్రిటన్‌కు 1.4 కోట్ల డాలర్లు తగ్గించిన సంగతి 1975 దాకా దాచారు.

1968లో ఒక తల్లి గాయపడిన కూతురికి వైద్యం చేయించడానికి మారిషస్ వచ్చింది. కూతురు దక్కలేదు. తిరుగు ఓడ ఎక్కడానికి వెళితే, మీ దీవులు అమ్మేశారు, ఇక వెళ్లడానికి లేదన్నారు. మిగిలినవాళ్లను 1971 నుంచి 1973 దాకా విడతలుగా ఓడలెక్కించారు. మొత్తం దాదాపు 1,500 మంది. డియెగో గార్సియాలో జనంకన్నా ముందు కుక్కల్ని తీసేశారు. ఎండుకొబ్బరి తయారుచేసే షెడ్డులోకి వాటిని తోలి, తలుపులు మూసి, వాహనాల పొగను లోపలికి వదిలారు. అవి వాళ్లు పెంచుకున్న కుక్కలు. తర్వాత జనాన్ని నార్డ్‌వేర్ అనే ఓడలో కిక్కిరిసేలా ఎక్కించారు, గుర్రాలకు మాత్రం పైడెక్కు మీద చోటు దొరికింది. నాలుగు నెలల గర్భంతో ఓడెక్కిన లిస్బీ ఎలిసే 2018లో అంతర్జాతీయ న్యాయస్థానానికి చెప్పింది ఆ ప్రయాణం గురించే. బానిసల ఓడలో జంతువుల్లా ఉన్నామంది. మారిషస్ చేరాక పుట్టిన బిడ్డ చనిపోయింది.

మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ మురికివాడల్లో చేరినవాళ్లకు 1982లో బ్రిటన్ 40 లక్షల పౌండ్లు ఇచ్చింది. డబ్బు చేతికి రావాలంటే ఒక కాగితం మీద వేలిముద్ర వేయాలి. కాగితం ఇంగ్లిష్‌లో ఉంది, వేలిముద్ర వేసినవాళ్లలో చాలామందికి క్రియోల్ తప్ప మరో భాష రాదు. తిరిగి వెళ్లే హక్కు వదులుకుంటున్నామని అందులో రాసి ఉందని తర్వాతే తెలిసిందని వాళ్లు చెప్పారు.

2000లో లండన్ హైకోర్టు వాళ్లను వెళ్లగొట్టడం తప్పంది. 2004లో పార్లమెంటుకు చెప్పకుండా రాణిగారి ఉత్తర్వులతో ప్రభుత్వం ఆ తీర్పును పక్కన పెట్టింది. 2008లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తులు 3-2 తేడాతో ఆ ఉత్తర్వుల్ని నిలబెట్టారు. 2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానం మొదటికి, అంటే 1965కే వెళ్లింది. వలస పాలనలో ఉన్న దేశం ఇచ్చిన ఆ ఒప్పుదల ప్రజల స్వేచ్ఛాభిప్రాయం కాదని తేల్చి, వీలైనంత త్వరగా బ్రిటన్ తప్పుకోవాలని 13-1తో చెప్పింది. భారత్ అక్కడ మారిషస్ పక్షాన వాదించింది. ఇది సలహా మాత్రమేనని బ్రిటన్ అంది, కానీ ఆ తర్వాత దాని వాదనకు అంతర్జాతీయంగా పెద్దగా మద్దతు మిగల్లేదు.

2025 ఒప్పందంలో మారిషస్ తరఫున సంతకం చేసింది శివసాగర్ రాంగులాం కొడుకు నవీన్ రాంగులాం. స్థావరం ఎక్కడికీ పోదు. చైనా వచ్చి కూర్చుంటుందని లండన్‌లో భయపెడుతున్నవాళ్లు ఈ సంగతి తక్కువగా చెబుతున్నారు. అయితే ఈ ఒప్పందాన్ని వద్దంటున్నవాళ్లలో బ్రిటన్‌లో స్థిరపడిన చాగోస్‌వాసులు కూడా ఉన్నారు. వాళ్ల అభ్యంతరం వేరు. 1965లో తమను అడగలేదు, ఈసారి చర్చల్లోనూ తమకు కుర్చీ వేయలేదు అంటున్నారు. దీనికి లండన్ దగ్గరా పోర్ట్ లూయీ దగ్గరా సరైన జవాబు లేదు.

2006లో సుమారు 100 మందిని ఓడలో తీసుకెళ్లి సమాధులు చూపించారు. ఒక్కో దీవిలో కొన్ని గంటలు ఉండి, పిచ్చిమొక్కలు పీకి, పూలు పెట్టి వచ్చారు. కొత్త ఒప్పందం ప్రకారం మిగతా దీవుల్లో జనాన్ని మళ్లీ నిలపడానికి మారిషస్‌కు వీలుంది. డియెగో గార్సియాలో పుట్టినవాళ్లు మాత్రం అక్కడ కాపురం పెట్టడానికి లేదు.