తరగతి గ్రంథాలయం: బీరువా తాళం, మరికొన్ని అపోహలు

అపోహ: పిల్లల చేతికిస్తే పుస్తకాలు పాడైపోతాయి, బీరువాలో ఉంటేనే భద్రం.

తరగతి గ్రంథాలయం గురించి మాట్లాడడానికి ఏ బడికి వెళ్లినా ముందుగా బీరువా చూపిస్తారు. అందులో పుస్తకాలు అట్టలు వేసి, నంబర్లు రాసి, వరుసగా సర్ది ఉంటాయి. "ఇస్తే చింపేస్తారండీ, లెక్క నేను చెప్పుకోవాలి" అన్న మాట ఆ వెంటనే వినిపిస్తుంది. స్టాకు రిజిస్టరులో సంతకం పెట్టినవారి భయాన్ని నేను తీసిపారేయను. కానీ పిల్లలకు చదివే అలవాటు కాకపోవడానికి నేను చూసిన కారణాలన్నింటిలోకీ పెద్దది ఈ తాళమే. 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాలలో మొట్టమొదటిది "పుస్తకాలు ఉపయోగించడానికే" అన్నది.

తొలి రెండేళ్లు నేనూ తాళంచెవి నా దగ్గరే ఉంచుకుని, వారానికి ఒక పీరియడ్ బీరువా తెరిచి, గంట కొట్టగానే పుస్తకాలు లెక్కపెట్టి తీసుకునేదాన్ని. ఒకరోజు నాలుగో తరగతి పాప పుస్తకం తిరిగిస్తూ, తాను ఆగిన పేజీ మూల కొంచెం మడిచి, "వచ్చే వారం ఇది నాకే ఇస్తారా టీచర్?" అని అడిగింది. కథలో తప్పిపోయిన మేకపిల్ల ఇల్లు చేరిందో లేదో తెలియాలంటే ఆ పిల్ల ఏడు రోజులు ఆగాలి. మర్నాడే పుస్తకాలన్నీ బయటికి తీసి, కిటికీ కింద పిల్లలకు అందే ఎత్తులో, ముఖచిత్రాలు కనబడేలా నిలబెట్టాను. ఇంటికి పట్టుకెళ్లే పుస్తకం పేరు, తేదీ పిల్లలే నోటుబుక్కులో రాసుకునే ఏర్పాటు చేశాను. ఏడాది తిరిగేసరికి కొన్ని చిరిగాయి, ఒకటి రెండు పోయాయి. మేకపిల్ల పుస్తకానికైతే వెన్ను పొడవునా టేపు అంటించాల్సి వచ్చింది, దానికే రెండో ప్రతి తెప్పించాను. వాడకంలో చిరిగినవాటిని ఏటా ప్రధానోపాధ్యాయుల చేత రిజిస్టరులో నమోదు చేయించుకుంటే లెక్క గురించిన దిగులు చాలావరకు తగ్గుతుంది.

కామిక్స్ చదివితే చదువు పాడవుతుందన్న పుకారుకు ఇకనైనా స్వస్తి చెప్పాలి. అలాగే, చదివిన పుస్తకమే మళ్లీ చదివే పిల్లవాడు కాలం వృథా చేయడం లేదు. తెలిసిన కథ కాబట్టే తడుముకోకుండా చదవగలుగుతున్నాడు.

బహుమతులిస్తే ఎక్కువ చదువుతారన్నది మరో నమ్మకం. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలకు బహుమతి ఇస్తామని ముందే చెప్పి బొమ్మలు వేయిస్తే, తరువాత ఖాళీ సమయంలో వాళ్లు ఆ పని మీద తక్కువ ఆసక్తి చూపారని 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం తెలిపింది. అందుకే చదివిన పుస్తకాల లెక్కకు చార్టు మీద నక్షత్రాలు అంటించడం నేను మానేశాను.

వందల పుస్తకాలు వచ్చాకే మొదలుపెడదామని ఆగవలసిన పని లేదు. నలభై ఉంటే ఇరవై బయట పెట్టి నెలకోసారి మార్చండి. రోజూ పది నిమిషాలు ఒక కథ పైకి చదివి, మంచి పట్టు మీదున్నప్పుడు ఆపి, పుస్తకాన్ని బల్ల మీదే ఉంచి బయటికి వెళ్లండి. మీరు తిరిగి వచ్చేసరికి దాని చుట్టూ నలుగురు చేరి ఉంటారు.