నీటిపై తేలే ఫ్లైకి దొప్పలు, రెక్కలు: అపోహలు - వాస్తవాలు

నాగావళి పరిసర చెరువుల్లో ఫ్లైతో, అంటే గాలపు ముల్లుకు ఈకలు, ఫోమ్ వంటివి కట్టి చేసిన కృత్రిమ ఎరతో, కొరమీను పట్టేవారు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కొద్దిమందే అయినా, వారిలో చాలామంది నా దగ్గరకు ఒకే ప్రశ్నతో వస్తారు. "మాస్టారూ, చేప పైకి లేచి నీళ్లు చిమ్ముతోంది గాని గాలానికి పడటం లేదు. ఫ్లై ముందు నీటిలో తిరిగే రేకు రెక్క, అదే ప్రొపెల్లర్, ఇంకోటి కట్టమంటారా?" అని అడుగుతారు. ఎన్నో ఉదయాలు చేపను కళ్లారా చూసి కూడా ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లినవారి బాధ నాకు తెలుసు కనుకనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అపోహ: నీటిని ఎంత అల్లకల్లోలం చేస్తే అన్ని చేపలు పడతాయి.

వాస్తవం: లాగితే నీటిపై చప్పుడు చేసే పాపర్ అనే ఫ్లైకి దొప్పలా తొలిచిన ముఖమైనా, రేకు ప్రొపెల్లరైనా, గర్గ్లర్ అనే మరో రకం తేలే ఫ్లై ముందు నిలిచే ఫోమ్ పెదవైనా చేపను పిలవగలవే తప్ప పట్టలేవు. పట్టేది ముల్లు. చేప తన ఒంటి పక్కల పొడవునా ఉండే పార్శ్వరేఖతో నీటి కదలికను పసిగడుతుంది కాబట్టి, గాలి లేని ఉదయం తేట నీటిలో చిన్న దొప్ప చేసే "బ్లుప్" శబ్దమే దానికి చాలు. వరద నీరు చేరి చెరువు ఎర్రబడినప్పుడో, గాలికి అలలు లేచినప్పుడో పెద్ద దొప్ప అవసరమవుతుంది. అంతేగాని, చేప లేచి కూడా పడలేదంటే పిలుపు దానికి అందినట్టే; లోపం మరోచోట ఉంది.

ఆ లోపం ఎక్కువసార్లు ముల్లు మొనకూ కాడకూ (ఫ్లైని కట్టే నిలువు భాగానికీ) మధ్య ఉండే ఖాళీలోనే కనిపిస్తుంది. రాజాం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు నాకు చూపిన ఫ్లైకి హవాయి చెప్పు ముక్కతో చెక్కిన లావుపాటి తల, దాని ముందు రెండు ప్రొపెల్లర్లు ఉన్నాయి. తల అడుగు భాగం ఎంత కిందికి దిగిందంటే, మొనకూ ఫోముకూ మధ్య అగ్గిపుల్ల మాత్రమే దూరింది. కొరమీను నోరు మూసినప్పుడు ఆ నోటినిండా ఫోమే ఉంటే మొన దవడకు ఎలా తగులుతుంది? ఆ అబ్బాయి తన రాడ్‌కు బలం చాలడం లేదనుకొని, మరింత బరువైన రాడ్ కోసం డబ్బు కూడబెడుతున్నాడు. బ్లేడుతో తల అడుగును కాడ దాకా చెక్కి, ఒక ప్రొపెల్లర్ తీసేసి ఇచ్చాను. తరువాతి ఆదివారం అదే చెరువు గట్టున గుర్రపుడెక్క అంచున లేచిన మొదటి కొరమీనే దానికి పడింది.

నేను కట్టేటప్పుడు ఫోములో ఎక్కువ భాగం కాడకు పైనే ఉండేలా చూసుకొని, ఆ ఖాళీలో మూడింట రెండు వంతులైనా తెరిచి ఉంచుతాను. ఫోమ్ తల కాడ చుట్టూ తిరిగిపోకుండా వంపు తిరిగిన కాడ గల గాలం మేలు. నున్నని కాడ అయితే ముందు దారం చుట్టి, దాని మీద జిగురు వేయాలి.

ప్రొపెల్లర్‌ను బిగించి కట్టాలన్నది కూడా తప్పే. దానికి ముందూ వెనుకా పూస వేసి, ఊదితే తిరిగేంత వదులుగా ఉంచాలి. రెక్కలు పెరిగేకొద్దీ ఫ్లై గాలిలో గిరగిర తిరిగి లీడర్‌ను (లైన్‌కూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నని దారాన్ని) మెలిపెడుతుంది కాబట్టి, తొమ్మిది అడుగుల లీడర్‌ను నేను ఏడుకు తగ్గిస్తాను. రాడ్ కొనను నీటికి ఆనించినట్టు ఉంచి లైన్ లాగకపోతే ఎంత మంచి దొప్పా పలకదు. ప్రొపెల్లర్ చప్పుడుకు చెరువులో చేపంతా ఏడాదిపాటు మేత మానేస్తుందన్న పుకారును దయచేసి ఇకనైనా మోయకండి. దానికి ఏ ఆధారమూ లేదు.

ఒక్క విషయంలో మాత్రం చప్పుడు నిజంగా హాని చేస్తుంది. వానాకాలంలో నీటిపై ఎర్రగా కదిలే కొరమీను పిల్లల గుంపు కింద తల్లిదండ్రులైన కొరమీలు కాపలా ఉంటాయి, దగ్గరలో ఏది నీటిని కదిలించినా ఆకలి లేకపోయినా మీద పడతాయి. ఆ దెబ్బను చూసి తన పాపర్ గొప్పదని మురిసేవారు ఉన్నారు. కానీ అలా తల్లిదండ్రులు గాలానికి పడితే, కాపలా పోయిన పిల్లలను మిగతా చేపలు తినేస్తాయి. ఆ ఎర్రని గుంపు కనబడగానే నేను లైన్ చుట్టేసి అవతలి గట్టుకు నడుస్తాను.