డీఎన్ఏ చెప్పే మాండింకా గోత్రం

డీఎన్ఏ పరీక్ష ఫలితంలో ‘మాండింకా’ అని, అంటే పశ్చిమ ఆఫ్రికాలోని ఒక జాతి పేరు, వస్తే ఎంతవరకు నమ్మాలి? ఆఫ్రికా మూలాలున్న అమెరికన్లకు ఇది ప్రాణప్రదమైన ప్రశ్న. 1870 జనాభా లెక్కలకు ముందు, 1850, 1860 బానిసల జాబితాల్లో యజమాని పేరుంటుంది. బానిసలకు వయసు, లింగం, రంగు తప్ప దాదాపుగా పేర్లుండవు. కాగితం ఆగిపోయిన చోట డీఎన్ఏనే దిక్కు.

దీన్ని మన గోత్రంతో పోల్చి చూడండి. కాశ్యప గోత్రం అన్నంత మాత్రాన ఊరు తెలియదు, కులమూ తెలియదు. వై క్రోమోజోమ్ కూడా తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది. అందులో ఈ-ఎం2 శాఖ మాండింకాల్లో ఉంది, నైజీరియా వైపు యోరుబా జాతిలో ఉంది, మధ్య, దక్షిణ ఆఫ్రికాల బంటు భాషలవాళ్లలోనూ ఉంది. పెళ్లయితే ఆడపిల్ల గోత్రం మారుతుంది కానీ, 16,569 అక్షరాల మైటోకాండ్రియా డీఎన్ఏ మారదు. దాన్ని కూతుళ్లే ముందుకు తీసుకెళ్తారు. అందులో ఎల్2సి శాఖ సెనెగాంబియా (సెనెగల్, గాంబియా ప్రాంతం) వైపు చూపిస్తుంది, అంతవరకే. పైగా ఎనిమిది తరాల వెనక 256 మంది ఉంటారు. ఈ రెండు పరీక్షలూ చెప్పేది ఇద్దరి గురించే.

మిగతావారి కోసం ఆటోసోమల్ పరీక్ష, అంటే తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే మిగతా క్రోమోజోముల పరీక్ష. అందులో వచ్చే శాతాలు సేకరించి పెట్టుకున్న నమూనాలతో పోల్చి వేసిన అంచనాలు. ప్రపంచంలోని పలు జాతుల డీఎన్ఏను సేకరించిన వెయ్యి జీనోముల ప్రాజెక్టు మూడో దశలో గాంబియా పశ్చిమ ప్రాంతపు మాండింకాలు 113 మంది ఉన్నారు. పోల్చే సంచయంలో ఆ ప్రాంతపు మరో జాతి సెరేర్ నమూనాలు లేకపోతే సెరేర్ పూర్వీకుడు దగ్గరి పేరులో కలిసిపోతాడు. గోత్రం తెలియనివారు కాశ్యపస అని చెప్పుకున్నట్టే! నమూనాలు మారితే మన శాతమూ మారుతుంది. రక్తంలోనే జాతి రాసి ఉంటుందన్న నమ్మకాన్ని ఇకనైనా వదిలేయాలి.

నిజంగా పనికొచ్చేది బంధువుల జాబితా, అంటే మీతో డీఎన్ఏ తునకలు కలిసినవారి పట్టిక. తరం మారినప్పుడల్లా పూర్వీకుల డీఎన్ఏ సగమవుతుంది కాబట్టి ఇంట్లో అందరికన్నా పెద్దవారి ఉమ్మే పంపాలి. ఇచ్చే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. ముడి ఫైలు దించుకుని, వేర్వేరు కంపెనీల్లో పరీక్ష చేయించుకున్నవారిని పోల్చే జెడ్‌మ్యాచ్ (GEDmatch) వెబ్‌సైట్‌లోకి ఎక్కించాలి. 7 సెంటీమోర్గాన్ల (డీఎన్ఏ తునక పొడవుకు కొలత) లోపు తునకలను పక్కన పెట్టండి, వాటిలో చాలావరకు ఉత్త కాకతాళీయం. 15 దాటినవాటి మీదే శ్రమపడాలి.

ఆ జాబితాలో కీటా, సీసే, జోబార్తే వంటి మాండింకా ఇంటిపేర్లు కనిపించగానే సంబరపడొద్దు. కీటాలు పొరుగు జాతి బంబారాల్లోనూ ఉన్నారు. పైగా ఇంటిపేరు తండ్రిది, మీకు కలిసిన తునక వాళ్లమ్మ ఇచ్చినది కావచ్చు, ఆవిడ ఫులా అనే వేరే జాతి మనిషి అయి ఉండొచ్చు. అందుకే ఆ బంధువును తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ పుట్టిన ఊళ్లు, ఇంట్లో మాట్లాడిన భాష అడగండి. వీలైతే వాళ్ల నాన్నకూ పరీక్ష చేయించమనండి. అదే తునక ఆయనలోనూ ఉంటే, మీ దారి ఆయన వైపే.